ఒంటి మోరీ ఊదని ఊరు

మా పెళ్లి కుదిర్చింది ఒక క్యాసెట్. కాలేజీ రోజుల్లో విశాఖలో, కోరిన పాటలు రికార్డు చేసిచ్చే షాపులో, నేనూ రఘూ ఒకే విదేశీ రాక్ బ్యాండు అడిగి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పేరు చెప్పినా మీలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్పను. వాళ్ల పాటంటే ఒకే స్వరం పట్టుకుని ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడం, దాని చుట్టూ గిటార్లు మగతగా తిరగడం. మా అమ్మయితే మిక్సీ కట్టెయ్యమని వంటింట్లోంచి కేకేసేది. షాపులో పాట వేసే డెక్కు నెమ్మదిగా తిరిగేదని, పదేళ్లకి సీడీ కొన్నాక గానీ మాకు తెలియలేదు. సీడీలో మా బ్యాండుని వెనక నుంచి ఎవరో తరుముతున్నట్టుంది. ఇద్దరం దాన్ని పక్కన పెట్టేసి మళ్లీ క్యాసెట్ దగ్గరికే వెళ్లిపోయాం.

ఆ స్వరం వాళ్లకి ఎక్కడిదన్నది మా ఇంట్లో పాత తగాదా. తంబురాదని నేనంటాను. రఘు ఒప్పుకోడు. తొంభైల్లో టెలిఫోన్ కేబుల్ పని మీద అరకులో ఉన్నప్పుడు కొండ అవతల నుంచి రెండు మోరీలు విన్నాడట. మోరీ అంటే సన్నాయికి దగ్గర చుట్టం, అక్కడి గిరిజనుల థింసా ఆటకి ఊదుతారు. "మన బ్యాండు వాళ్ల తాతలు అక్కడే ఉన్నారు పద్మా" అంటాడు. ఎప్పుడో వెళ్లి దగ్గరగా విందాం అనుకుంటూనే ఏళ్లు గడిపేశాం. ఈలోగా రఘుకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగానికొచ్చింది. వచ్చే గురువారం ఎడమ చెవికి ఆపరేషన్. వినికిడి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరుగారు. అందుకే మొన్న నవంబరు ఆదివారం బయల్దేరాం.

కిరండోల్ పాసింజర్ విశాఖలో ఏడింటికి కాస్త అటూ ఇటుగా కదులుతుంది. ఆరుకల్లా స్టేషన్‌లో ఉంటే కుడివైపు కిటికీ దొరుకుతుంది, లోయలన్నీ అటువైపే. టికెట్ ధర ఒక టిఫిన్ ఖర్చుకి మించదు. శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలయ్యాయి. ప్రతి సొరంగంలో పిల్లలు కేకలు వేస్తుంటే రఘు కళ్లు మూసుకుని నవ్వుకున్నాడు, ఈ చెవి జబ్బున్నవాళ్లకి రొదలోనే కాస్త బాగా వినపడుతుందట. ఏడాదిగా ఇంట్లో గొణిగినట్టు మాట్లాడుతున్నాడని, నా మీద కోపమేమోనని, నేనూ మూతి ముడుచుకుని తిరిగాను. ఈ జబ్బులో బయటి శబ్దం సన్నగిల్లినా సొంత గొంతు లోపల పెద్దగా మోగుతుందని, అందుకే గొంతు తగ్గించేస్తారని డాక్టరు చెబితే సిగ్గేసింది.

పదకొండున్నరకి అరకు. స్టేషన్ బయట సగం పూటకి పదిహేను వందలకి జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు అప్పలరాజు శృంగవరపుకోట వైపు మనిషి. "మోరీ కోసం ఇంత దూరం వొచ్చీసినారేటి? బొర్రా గుహలు సూడరా?" అని మమ్మల్ని ఎగాదిగా చూశాడు. వద్దన్నాను. "అయితే బేగి ఎక్కండమ్మా, మోరీ ఊదే సోమన్న మజ్జేన్నం అయితే పడుకుండిపోతాడు" అన్నాడు. సుంకరమెట్ట వైపు వెళ్లి, సంత జరిగే చోటు దాటాక ఎడమకి మట్టి రోడ్డు పడుతుంది. రెండు పక్కలా వలిసె చేలల్లో పసుప్పచ్చ పూలు విరగబూసి ఉన్నాయి. అరగంట కుదుపుల తర్వాత పాతిక ఇళ్ల ఊరు వచ్చింది.

సోమన్నకి డెబ్బై ఉంటాయేమో. ఇంటి అరుగు మీద చాట నిండా కాఫీ పళ్లు ఏరుకుంటున్నాడు. విషయం విని మోరీ తెచ్చి చూపించాడు గానీ, నోటిదాకా ఎత్తలేదు. "నాతో జోడు ఊదే మా తమ్ముడు కాఫీ తోటకి పోయాడు. సందేలకి గానీ రాడు" అన్నాడు.

"మీరొక్కరే కాసేపు ఊదండి బాబాయ్" అన్నాను.

"ఒంటి మోరీ ఊదకూడదమ్మా. మా ఊర్లో మనిషి పోతేనే ఒంటి మోరీ. మామూలుగా ఒకడు ఆడిస్తే, ఇంకొకడు ఒకే ఊదు పట్టుకుని ఉండాల. అది తెగకూడదు."

సాయంత్రం దాకా ఆగితే తిరుగు బండి పోతుంది, మర్నాడే ఆస్పత్రిలో పరీక్షలు. రఘు కుడి చెవిలో ఇదంతా చెప్పాను. ఈ మనిషికి ఇదొక్కటి వినిపించాలని తీసుకొచ్చాను, అదీ చేతకాలేదే అనిపించింది. సోమన్న భార్య మా ఇద్దరికీ సోడి అంబలి, అంటే రాగి జావ, గ్లాసుల్లో పోసిచ్చింది. తాగడం అయ్యాక రఘు అడిగాడు: "ఆ ఊదు గొంతుతో పట్టుకుంటే పనికొస్తుందా?"

సోమన్న మోరీ చేతిలోకి తీసుకున్నాడు. "తెగకపోతే పనికొస్తాది."

పాతికేళ్ల కాపురంలో రఘు కూనిరాగం తీయగా నేను వినలేదు. వినడమే తప్ప పాడడం ఎరగడు. అలాంటివాడు అరుగు మీద మఠం వేసుకుని కూర్చుని, నోరు మూసి, గుండెలోంచి ఒక స్వరం తీశాడు. సోమన్న మోరీలో ఒకసారి పలికించి, "ఇంకాస్త కిందికి" అని రఘుకి చేత్తో చూపించాడు. రఘు దించాడు. "అదీ" అని తలూపి మొదలుపెట్టాడు ముసలాయన.

దగ్గర్నుంచి మోరీ వింటే ఒళ్లు ఝల్లుమంటుంది. అంత శబ్దంలోనూ రఘు స్వరం అడుగున నిలబడే ఉంది. కానీ ఊపిరి ఎంతసేపు ఆగుతుంది? మొహం ఎర్రబడగానే నా మోకాలి మీద తట్టాడు. నాకు సంగీతం రాదు, అయినా అందుకున్నాను. వణికింది గానీ తెగలేదు. అప్పుడు తట్టింది నాకు: మోరీ హోరులో నా కూనిరాగం రఘుకి వినపడదు, నా ఊపిరి ఎప్పుడు అయిపోతుందో ఎలా తెలుస్తుంది? అంతలో తన అరచెయ్యి నా వీపు మీద ఆనించాడు. నా గొంతు సన్నబడే క్షణానికి సరిగ్గా తను ఎత్తుకున్నాడు. మళ్లీ నేను. మళ్లీ తను. అప్పలరాజు ముందు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు, తర్వాత వచ్చి మెట్టు మీద కూర్చుండిపోయాడు. పావుగంట పైనే సాగింది.

సోమన్న మోరీ దించి చొక్కాకి తుడుచుకుంటూ, "తెగలేదు" అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు నాకు అక్కర్లేకపోయింది. జీపెక్కాక రఘు నా వైపు వంగాడు. "మోరీ సగమే వినపడింది. నా గొంతు మొత్తం వినపడింది. నీది వీపు మీద తెలిసింది. అది మన క్యాసెట్ శ్రుతే" అన్నాడు. నిజమో కాదో తేల్చే చెవి నాకు లేదు. నమ్మేశాను.

తిరుగు పాసింజర్‌కి విశాఖ చేరేసరికి రాత్రయింది. గురువారం గురించి నాకు భయంగానే ఉంది, దాచుకోను. తన చెవులు పూర్తిగా పోతే నేనొక గోడ అవతల ఉండిపోతానని ఏడాదిగా లోలోపల కుమిలాను. ఇప్పుడు ఆ భయంలో ఒక ముక్క తగ్గింది. నా ఊపిరి అయిపోతోందని నాకంటే ముందు ఆ చేతికి తెలిసింది. ఆపరేషన్ ఎలా జరిగినా ఆ చెయ్యి నాకుంటుంది.

మీరు వెళ్లాలనుకుంటే ఒకటే సూచన. కాఫీ కోతల నెలల్లో పగటిపూట సోమన్న తమ్ముడు ఇంటిపట్టున ఉండడు, కాబట్టి ఇద్దరుగా వెళ్లండి. ఒక్కరే వెళ్తే సోమన్న అంబలి పోసి, మర్యాదగా వెనక్కి పంపించేస్తాడు.