కొత్త కంప్యూటర్‌లో పాత విండోస్

మా ఊరు దంతాలపల్లి పక్కనే. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కాలువకు ఎంతసేపు నీళ్లు పారాలి అన్నదంతా నీళ్లు పంచే మా నీరటికాడి నోట్లోనే ఉండేది. చూపు తగ్గాక, ఆ వంతులన్నీ కాగితం మీద పెట్టమని నన్ను అడిగాడు. దొరల కాలం నాటి మా గడిలో పైకప్పు నిలిచిన గది ఒక్కటే మిగిలింది. అందులో వారం రోజులు ఆయన చెప్పాడు, నేను టైపు కొట్టాను. ఆయన గడప దగ్గర కింద కూర్చున్నాడు. నేను కుర్చీ వేయించలేదు.

"ఒక్కపారి సదివి వినిపియ్యి దొరా. తప్పులుంటే నీళ్లు ఇడిచే ముందే సరిజేద్దాం. లేకుంటే కాలువ కొసకున్న తోక పొలాలోల్లు ఎండుతరు" అన్నాడు. తెల్లవారి వినిపిస్తానన్నాను. తెల్లవారి కంప్యూటర్ లేవలేదు.

జనగామకు పోయి కొత్తది కొన్నాను. దుకాణంలో పాత డిస్క్ తగిలించి చూస్తే నా తెలుగంతా అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా కనపడింది. ఆ తెలుగు టైపు పాత విండోస్‌లోనే తెరుచుకుంటుందట, లేదా కొత్త అక్షరాల్లోకి మార్పించుకోవాలట. మార్చడం తెలిసిన మనిషి దంతాలపల్లిలోనే ఉంది. నీరటికాడి మనుమరాలు, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతుంది. సంగతి తెలిసి తనే ఫోన్ చేసింది.

"డిస్క్ పట్టుకొని రాండ్రి సార్, గంట పని."

దొర అనలేదు. అక్కడికి పోతే ఫారాలు నింపించుకునేవాళ్ల వరుసలో కూర్చోవాలి. చూస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

కొత్త మిషన్‌లో పాత విండోసే వేయించాలని పంతం పట్టాను. సీడీ పెడితే నీలం తెర వచ్చి ఆగిపోయేది. మహబూబాబాద్‌లో ఒకతను సెట్టింగులు మార్చాడు. డిస్క్ కనపడింది గాని కీబోర్డు పనిచేయలేదు. గుండ్రటి పిన్ను ఉన్న పాత కీబోర్డు కోసం భూపాలపల్లి దాకా పోయాను. ఇట్లా ఎండాకాలం గడిచింది.

మధ్యలో ఆయన రెండుసార్లు వచ్చాడు. మళ్లీ మొదటి నుంచి చెప్తానన్నాడు. అక్కర్లేదు, ఉన్నదే తెరిపిస్తానన్నాను. "కొత్త బండికి ముసలి ఎడ్లను గడుతున్నవట గద దొరా, మా పిల్ల అంటున్నది" అని నవ్వాడు. నేను నవ్వలేదు. పోయి రమ్మన్నాను.

చెరువు నిండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పేజీలు తెరుచుకున్నాయి. సాగదీసినట్టున్న అక్షరాలు, అయినా నా తెలుగే. అప్పటికి పది రోజుల కిందట ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

కాగితాలు తీసుకొని మొదటిసారి వాళ్ల ఇంటికి పోయాను. మనుమరాలు మంచం పక్కన స్టూలు వేసింది. చదువుతూ పోయాను. తోక పొలాల వంతు దగ్గర ఆయన ఎడమ చేత్తో మంచంపట్టె మీద తట్టాడు. మళ్లీ చదివాను, మళ్లీ తట్టాడు. పై కాలువ ముందా, కింది కాలువ ముందా అని ఒక్కొక్కటే అడిగాను. రెంటికీ తల ఒకే తీరుగా ఊపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మొన్నటిదాక మంచిగ చెప్తుండె సార్" అంది మనుమరాలు. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

తూము ఎత్తిన రోజు కొత్త నీరటి ఆ కాగితమే పట్టుకొని నడిచాడు. తోక పొలాలకు వచ్చేసరికి, ఆ వంతు పక్కన నేను పెట్టిన ప్రశ్నగుర్తు చూసి ఆగాడు. రైతులు గట్టు మీద నిలబడి, ఏది ముందని నన్నడిగారు. నాకు తెలియదని చెప్పాను.

రెండు కాలువల వాళ్లూ వాదులాడుకుంటుంటే, నీళ్లు దేంట్లోకీ పోక అక్కడే నిలిచాయి.