మట్టి పూలు నేర్పుతుండగా నాకు మాట వచ్చింది

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, మీ ముందు నిలబడి మాట్లాడుతున్న ఈ కరుణమ్మ నోట ఒకప్పుడు ఒక్క మాట కూడా వచ్చేది కాదు.

నేను కంభంలో కుండలు చేసే ఇంట్లో పుట్టి, మార్కాపురంలో అదే పని చేసే ఇంటికి కోడలినై వచ్చాను. మాకు ఒక్కతే కూతురు, ఎస్తేరు. మా పేటలో కలరా వచ్చినప్పుడు పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి చల్లబడిపోయింది. ఏడుద్దామని నోరు తెరిచాను, గొంతు పెగల్లేదు, ఆనాటి నుంచి మాటే పోయింది. నా భర్త దావీదు బండి కట్టించి మిషన్ ఆసుపత్రికి తీసుకుపోతే గొంతులో ఏ జబ్బూ లేదన్నారు. ఇరుగుపొరుగువారు మాత్రం దయ్యం పట్టిందని తమ పిల్లలను నా దగ్గరికి రానిచ్చేవారు కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అది ఎంత బాధో మీకు చెప్పనక్కరలేదు. 'ప్రభువా, నన్ను కూడా తీసుకుపో' అని లోలోపలే అడుగుతూ ఉండేదాన్ని.

ఆ ఎండాకాలం బిడ్డ సమాధి మీద పెట్టడానికి ఎక్కడా పువ్వు దొరకలేదు. వాకిట్లో కుండలకు పిసికిన మట్టి ఉంటే, రేకు రేకుగా వేలితో ఒత్తి, ఒకదానికొకటి అంటించి, కుండలతోపాటు ఆములో కాల్చి తీసుకుపోయి పెట్టాను. తర్వాత ఇంకొకటి చేశాను, ఇంకొకటి చేశాను. పాస్టరుగారి భార్య రత్నమ్మగారు వాటిని చూసి మా ఇంటికి వచ్చారు.

"దావీదూ, మన బడిలో ఆడపిల్లలకు ఈ పని నేర్పిస్తాదా మీ ఇంటామె?"

"మాట రాని మనిషి ఎట్ల నేర్పిస్తాదమ్మా? పిల్లల తల్లులు కూడా ఒప్పుకోరు."

"చేతులు బాగుండాయి గదా. తల్లులతో నేను మాట్లాడతా."

వెళ్లాను. వచ్చిన కొద్దిమంది పిల్లలూ భయపడుతూ ఎడంగా కూర్చున్నారు. నేను చేసి చూపిస్తే వాళ్లు చేసేవారు. రూతు అనే పిల్ల ఒత్తిన రేకులన్నీ ఆరిపోయి పగిలిపోతున్నాయి.

"నాకు రాదులే, నేను ఇంటికి పోతా" అని ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ లేచింది.

'ప్రభువా, ఈ బిడ్డను పోనివ్వవద్దు' అని మనసులో మొరపెట్టాను.

"పోవద్దమ్మా. వేలు తడుపుకొని ఒత్తు, వస్తాది."

ఎవరు మాట్లాడారా అని నేనే వెనక్కి తిరిగి చూశాను, ఆ మాట వచ్చింది నా నోటి నుంచే. రూతు వచ్చి నా పక్కన కూర్చుని నీళ్లలో వేలు ముంచింది. బిడ్డ పోయినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. అక్కడే ఉన్న రత్నమ్మగారు నన్ను పొదివి పట్టుకుని దేవుణ్ణి స్తుతిస్తూ తానూ ఏడ్చారు.

ఇంటికి పోయి, "అన్నం పెట్టేదా?" అన్నాను. నా భర్త గడపలోనే కూలబడి, "ఇంగోసారి అడుగు" అన్నారు. ఎన్నిసార్లు అడిగించుకున్నారో.

తర్వాత తల్లులే పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. పొదిలి నుంచి కూడా వచ్చి నేర్చుకున్నారు. రూతు పెరిగి పెద్దదై ఇప్పుడు గిద్దలూరు బడిలో ఈ పనే నేర్పుతోంది. దేవునికే మహిమ.

నా ఎస్తేరు తిరిగి రాలేదు, ఆ దుఃఖం ఇప్పటికీ ఉంది. కానీ దానితో బతకగలుగుతున్నాను, నా బిడ్డ పేరు నోరారా పలకగలుగుతున్నాను. ప్రార్థించడానికి కూడా మాట రానంత బాధలో మీలో ఎవరైనా ఉంటే, మాట వచ్చేదాకా ఆగకండి. ఊరికే వెళ్లి ఆయన ముందు కూర్చోండి, ఆయనకు వినపడుతుంది.