వెంకట్రావు గారి కింది పళ్ల వరస

2009 శీతాకాలంలో నేను మిషిగన్‌లోని నోవైలో ఒక డెంటల్ క్లినిక్‌లో ప్రోస్థోడాంటిస్ట్‌గా పనిచేస్తున్నాను. పోయిన పళ్ల స్థానంలో కొత్తవి కట్టే స్పెషలిస్టును అలా అంటారు. దవడ ఎముకలోకి ఇంప్లాంట్లు దించేది ఓరల్ సర్జన్. అవి ఎముకలో కుదురుకున్నాక వాటి మీద పళ్ల వరస నిలబెట్టడం నా పని. ఇద్దరిలో ఎవరు గొప్పన్న వాదన మా వృత్తిలో తెగలేదు గానీ, పేషెంట్ తిట్టినా మెచ్చుకున్నా నన్నే.

వెంకట్రావు గారు కార్ల కంపెనీలో ముప్పై ఏళ్లకు పైగా గేర్‌బాక్సుల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మేము నోవై వచ్చిన కొత్తలో మాకు అపార్ట్‌మెంట్ వెతికిపెట్టింది ఆయనే. అంకుల్ అని పిలిచేవాళ్లం. ఆయన కింది పళ్ల సెట్టు కొన్నేళ్లుగా నోట్లో నిలిచేది కాదు. భోజనాలకు పిలిస్తే వచ్చి, పెరుగన్నం కలుపుకుని ఒక మూల కూర్చునేవారు. మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం. "నలుగురితో కూర్చుని తినాలమ్మా, అంతే" అన్నారు నా దగ్గరికి వచ్చిన మొదటి రోజు.

సర్జన్ నాలుగు ఇంప్లాంట్లు వేశారు. కొన్ని నెలలు ఆగి, అచ్చులు తీసి, మైనంలో పళ్లు అమర్చిన నమూనా తయారుచేయించాను. దాన్ని నోట్లో పెట్టి చూడటమే అసలు పరీక్ష. మాట్లాడేటప్పుడు పై పళ్లూ కింది పళ్లూ తగలకూడదు, మధ్య కాస్త సందు ఉండాలి. లోపం ఏదున్నా అప్పుడే పట్టుకోవాలి. ల్యాబ్‌లో అసలు వరస తయారై స్క్రూలతో బిగించాక పేషెంట్ దాన్ని తీసి పక్కన పెట్టుకోలేడు. మార్చాలంటే మళ్లీ మొదటికే రావాలి.

"ఎలా ఉంది అంకుల్, బాగుందా?"

"బాగుందమ్మా."

"ఎత్తుగా అనిపిస్తోందా?"

"పర్లేదమ్మా."

ఇరవై వరకు లెక్కపెట్టమంటే బుద్ధిమంతుడిలా మెల్లగా లెక్కపెట్టారు. అద్దం ఇస్తే చూసుకుని తలాడించారు, అంగీకార పత్రం మీద సంతకం కూడా పెట్టారు. నాకు సంతోషంగా ఉంది. తరువాతి పేషెంట్ కోసం పక్క గదిలోకి వెళ్లాను.

నమూనాను నోట్లోంచి విప్పే పని మా అసిస్టెంట్ డోనాది. ఈ పనిలో ఆమెకు నాకంటే పదేళ్ల అనుభవం ఎక్కువ. మాటల మధ్య తన కారు గేరు మార్చినప్పుడల్లా కుదుపు ఇస్తోందని చెప్పిందట. ఇక వెంకట్రావు గారు గేర్‌బాక్సుల గురించి చెప్పడం ఆపలేదు. ఆ ఉత్సాహంలో మాట మాటకూ పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. డోనా చెయ్యి ఆపి, ఏమైందని అడిగింది. కింది వరస రెండు మిల్లీమీటర్లకు పైగా ఎత్తుందని, నోట్లో పెట్టగానే తెలిసిందని ఆయన ఒప్పుకున్నారు. మరి డాక్టర్‌కి చెప్పలేదేమంటే, పాపం ఆ అమ్మాయి ఎంతో కష్టపడి చేసింది, అలవాటైపోతుంది, మీరూ చెప్పకండి అన్నారట.

డోనా నేరుగా వచ్చి నాకు చెప్పేసింది. మొదట సిగ్గేసింది, వెంటనే ఆయన మీద కోపం వచ్చింది. మొహమాటం మీద మనకొక సామెత ఉంది, డాక్టరు నోట రావాల్సింది కాదు. ఆ పూట నోటిదాకా వచ్చింది.

మైనం మళ్లీ పెట్టి, ముక్కు కొనమీద, గడ్డం మీద చుక్కలు పెట్టి కొలిచాను. ఆయన చెప్పిందే నిజం. అంతకుముందు దవడ కొలత తీసుకున్న రోజున ఆయన బిగుసుకుని కూర్చున్నారు. ఆ రోజూ "పర్లేదు" అంటే నమ్మి, రెండోసారి కొలవకుండా ల్యాబ్‌కి రాసిచ్చాను. తప్పు నాది.

"ఇది బిగిస్తే మీరు రోజూ దీంతోనే తినాలి అంకుల్" అన్నాను.

"నువ్వు బాధపడతావని..."

"గేర్లు చేసినవాళ్లు బాధపడతారని మీరెప్పుడైనా ఊరుకున్నారా? వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపేవాళ్లట కదా."

ఆయన నవ్వారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే.

కొలతలన్నీ మళ్లీ తీసుకుని కొత్త నమూనా చేయించాను. అది సరిపోయాక అసలు వరస వచ్చింది. బిగించిన రోజున బాగుందా అని అడగలేదు. ఏది బాగాలేదో చెప్పమన్నాను. రెండు మూడుసార్లు కొరికి చూసుకుని, కుడివైపు చివర ముందుగా తగులుతోందన్నారు. రంగు కాగితం కొరికించి, మచ్చ పడిన చోట అరగదీశాను. ఇంకొంచెం అన్నారు. మూడుసార్లు అరగదీయించారు. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ల మీద జాలేసింది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. మనవాళ్లెవరైనా కుర్చీలో కూర్చుంటే, నమూనా పెట్టి పది నిమిషాలు నేను బయటికి వెళ్లిపోయేదాన్ని. డోనా వాళ్లను వాళ్ల ఉద్యోగం గురించి అడిగేది. డాక్టరు మీద గౌరవం పేషెంట్ నోరు నొక్కేస్తుంటే, డాక్టరు అక్కడ లేకపోవడం కూడా వైద్యంలో భాగమే.

వెంకట్రావు గారు పళ్లు బిగించిన నెలాఖరున మా ఇంటికి భోజనానికి వచ్చారు. అందరి మధ్య కూర్చుని, రెండో గారె కొరికి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నా వైపు చూసి చెప్పారు: "పిండి సరిగ్గా నలగలేదమ్మా. గట్టిగా ఉన్నాయి."