కాలవ గట్టు మీద ప్రభుత్వ ప్లీడరు

మా గురువుగారు, తెనాలి న్యాయవాది ఆశీర్వాదం గారు ఇక లేరు. ఈ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను. చదివేవాళ్ళు నమ్ముతారేమో గానీ, రాసిన నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదు.

పోయిన గురువారం ఉదయం రేపల్లె నుంచి తెనాలి వచ్చే పాసింజరు రైల్లో, కిటికీ పక్కన కూచున్నవారు కూచున్నట్టే, ఆయన ఈ లోకం విడిచి వెళ్ళిపోయారు. ఎదురుగా కూచున్న, మాకు ఏళ్ళుగా తెలిసిన మరియమ్మ అనే కూలిమనిషి, ఆకుకూరల గంపతో మార్కెట్టుకి వస్తూ, ఆయన కునుకు తీస్తున్నారనుకుంది. తెనాలిలో పెట్టె అంతా ఖాళీ అయ్యాక, "లాయరుగారూ, తెనాలొచ్చింది, లెగండి" అంటూ చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. కబురందేసరికి నేను కోర్టు మెట్ల మీద ఉన్నాను. పరుగున స్టేషనుకు వెళ్ళాను. ప్లాట్‌ఫారం బల్ల మీద, మరియమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, మా సారు. కళ్ళజోడు జేబులో భద్రంగా ఉంది.

"నిద్రపోతున్నాడనుకున్నానమ్మా," అందామె నన్ను చూడగానే. "లేపితే కసురుకుంటాడని లేపలేదు. ముందే లేపితే బతికేవాడా?"

గుండె ఒక్కసారిగా ఆగిపోయిందనీ, ఎవరు లేపినా ప్రయోజనం ఉండేది కాదనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమెను ఊరడించలేదు, నన్నూ ఊరడించలేదు. అంతకు ముందురోజు పొద్దున ఆఫీసులో నాతో పోట్లాడి, నా వకాల్తా కాగితంలో అక్షరదోషం దిద్ది, "రేపు వస్తా అమ్మాయ్, కాఫీ చల్లారకుండా చూడు" అని బస్సెక్కిన మనిషి. అశనిపాతం అనే మాట ఇన్నాళ్ళూ పుస్తకాల్లోనే చదివాను.

ఆశీర్వాదం గారిని ఎరిగినవారికి ఆయన కోపం ముందుగా గుర్తుకొస్తుంది. వాయిదా అడిగినా కోపమే, కాఫీలో చక్కెర ఎక్కువైనా కోపమే. ఆదివారం లూథరన్ చర్చిలో అపస్వరంగా, అందరికన్నా బిగ్గరగా పాడేవారు. ఎవరైనా నవ్వితే ఆ కోపం వేరు. కానీ తన దగ్గరకు వచ్చిన కక్షిదారు మీద ఆయన గొంతు పెంచగా నేను చూడలేదు. ఎవరైనా భయంతో నిలబడి మాట్లాడబోతే, "ముందు కూచోండి. నిలబడి చెప్పేది విన్నపం, కూచుని చెప్పేది వాస్తవం" అనేవారు. ఆ కుర్చీలో మా నాన్నలాంటి భూస్వామీ కూచున్నాడు, పాలేరూ కూచున్నాడు.

ఆయన కొంతకాలం ప్రభుత్వ ప్లీడరుగా ఉన్నారన్న సంగతి ఈ తరం న్యాయవాదుల్లో చాలామందికి తెలియదు. ఆ పదవి ఎలా పోయిందో తెలిసినవారు ఇంకా తక్కువ. ఆ ఉదంతానికి ప్రత్యక్షసాక్షిని గనుక చెప్పడం నా విధి.

ఎనభైల చివరి రోజులవి. నేను కొత్తగా ఆయన దగ్గర జూనియరుగా చేరాను. రేపల్లె అవతల ఒక మురుగుకాలవ గట్టు మీద వరసగా గుడిసెలుండేవి. అంతకుముందెప్పుడో తుఫానుకి పల్లె మునిగితే, రెవెన్యూ వాళ్ళే ఆ కూలి కుటుంబాలను తీసుకొచ్చి, "ప్రస్తుతానికి ఇక్కడుండండి" అని గట్టెక్కించారు. ఆ ప్రస్తుతం ఏళ్ళ తరబడి సాగింది. తీరా ఒకరోజు, కాలవకు అడ్డంగా ఉన్నారు, ఖాళీ చెయ్యమని నోటీసులొచ్చాయి. గుడిసెలవాళ్ళు తెనాలి కోర్టుకెక్కారు. వాళ్ళకు ఎదురుగా, ప్రభుత్వం తరఫున, మా సారు.

వాదన తయారు చేసే ముందు ఆయన ఆ చోటు చూస్తానన్నారు. నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. బస్సు దిగి, బురదలో చెప్పులు చేత పట్టుకుని నడిచాం. గుడిసెల ముందు నిలబడి చూస్తే కాలవ అక్కడ బాగానే పారుతోంది. కొంచెం దిగువకు వెళితే సగానికి సగం సన్నబడిపోయింది. ఒక రైస్ మిల్లు ప్రహరీగోడ, ఇటుకా సిమెంటుతో, కాలవలోకి చొచ్చుకొచ్చి ఉంది. దానికి నోటీసు లేదు. మిల్లు యజమాని ఎవరి మనిషో ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు.

అప్పుడు మొదటిసారి చూశాం మరియమ్మను. ఈయన ప్రభుత్వ ప్లీడరని తెలిసి కూడా ఎదురొచ్చి నిలబడింది.

"ఏంటయ్యా, గోడ బరువని వదిలేశారా? మా గుడిసె తేలిగ్గా ఊడొస్తుందనా?"

మాతో వచ్చిన రెవెన్యూ అధికారి ఆమెను అదిలించబోయాడు. మా సారు చెయ్యెత్తి ఆపారు. "ఆమె అడిగిందానికి జవాబు చెప్పండి" అన్నారు.

"గోడ సంగతి మన కేసులో లేదు కదా సార్," అన్నాడతను నసుగుతూ. "పైనుంచి వచ్చింది గుడిసెల వరకేనండి."

మర్నాడే పైఅధికారులకు రాశారు: తొలగిస్తే రెండూ తొలగించండి, గుడిసెలవాళ్ళకు ముందు మెరక చోట స్థలాలివ్వండి అని. జవాబు రాలేదు. మళ్ళీ రాశారు. ఈసారి మనిషి చేత కబురొచ్చింది, గోడ ప్రస్తావన తేవద్దని.

విచారణ రోజు గుడిసెల తరఫు ప్లీడరు, పాపం కొత్తవాడు, తడబడుతూ ఏదో చెప్పి కూచున్నాడు. కేసు పోయినట్టే. జడ్జిగారు లాంఛనంగా అడిగారు: "కాలవ మీది ఆక్రమణలన్నీ తొలగిస్తున్నారు కదా, ప్లీడరు గారూ?"

ఊఁ అంటే చాలు. వెనకనుంచి ఆ రెవెన్యూ అధికారి ఆయన గౌను అంచు లాగడం నేను చూశాను.

"లేదండి," అన్నారు మా సారు. "గుడిసెలు మాత్రమే తొలగిస్తున్నారు. దిగువన మిల్లు గోడ ఒకటి కాలవలోకి వచ్చి ఉంది. కళ్ళారా చూశాను. దానికి నోటీసు ఇవ్వలేదండి."

అందరినీ సమానంగా చూసేదాకా గుడిసెలు ముట్టవద్దని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. బయటికి రాగానే అధికారి మండిపడ్డాడు.

"మీరు ఎవరి ప్లీడరండీ అసలు?"

"ప్రభుత్వ ప్లీడర్నేనయ్యా. ప్రభుత్వం కోర్టులో అబద్ధమాడకుండా కాపాడాను. నా కక్షిదారుకి ఇంతకన్నా ఏం చెయ్యాలి?"

కొద్దిరోజులకే పదవి పోయింది. బార్‌లో ఒక వృద్ధ న్యాయవాది, కక్షిదారు ఇచ్చిన సూచన కాదని మాట్లాడటం వృత్తిధర్మం కాదని ఆయన ముఖం మీదే అన్నారు. మేమంతా ఆవేశపడ్డాం గానీ సారు పడలేదు. "ఆయనన్నదాంట్లో న్యాయముంది. అందుకే తీసేసినందుకు నాకు బాధ లేదు. అలా మాట్లాడీ పదవిలో ఉంటే అది తప్పయ్యేది" అన్నారు. ఇంట్లో మాత్రం అమ్మగారు, అంటే బళ్ళో టీచరుగా చేసే ఆయన భార్య, చాన్నాళ్ళు సాధించారని విన్నాను. పిల్లల చదువులు నడిమధ్యలో ఉన్నాయి మరి.

ఇక్కడితో ఆపితే ఇది వీరగాథ అవుతుంది. కానీ జరిగింది అంత సులువుగా లేదు. మరుసటి ఏడు వానలు విరుచుకుపడ్డాయి. గోడా కదల్లేదు, గుడిసెలూ కదల్లేదు, కాలవ పొంగి ఎగువ పొలాలన్నీ మునిగాయి. అందులో మా మేనమామ కౌలుకు చేసే పొలం చెక్క ఒకటుంది. ఆయన ఆఫీసుకే వచ్చి నన్ను నిలదీశాడు.

"మీ సారు వాళ్ళని కాపాడాడు సరేనమ్మా. మరి మేమెవరం? నారంతా నీళ్ళలో కుళ్ళిపోతోంది. మేం మాత్రం మిల్లులున్నోళ్ళమా?"

లోపలిగదిలోంచి సారు విన్నారు. ఆయన ముఖం అంత పాలిపోగా నేనెన్నడూ చూడలేదు. కాఫీ తాగకుండానే లేచి, మా మామయ్యతో కలిసి బస్సెక్కి, ఆ పొలంలో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి చూసి వచ్చారు. "నేను చెప్పింది నిజమే అమ్మాయ్, కానీ సగం పనే చేశాను" అన్నారు.

ఆ మిగతా సగం కోసం ఆయన వెచ్చించిన శ్రమ వర్ణనాతీతం. చిన్నరైతులకూ గుడిసెలవాళ్ళకూ అప్పటికి మాటల్లేవు. ఒకళ్ళ వల్ల ఒకళ్ళు మునుగుతున్నామని ఇద్దరి నమ్మకం. సారు ఇద్దర్నీ కాలవ గట్టు మీదకే పిలిచారు. రైతులు మంచాలు తెప్పించుకుని కూచున్నారు, కూలీలు దూరంగా నిలబడ్డారు. సారు మంచం వద్దని గట్టు మీద నేలనే చతికిలబడ్డారు. కాసేపటికి మా మామయ్యే ముందు మంచం దిగాడు. ఆ మధ్యాహ్నం మరియమ్మ, మా మామయ్య ఒకే అర్జీ మీద, ఒకరు వేలిముద్ర, ఒకరు సంతకం పెట్టారు. గోడ తియ్యాలి, గుడిసెలకు మెరక మీద స్థలాలివ్వాలి. రెండూ ఒకే కేసు.

ఆ కేసు ఏళ్ళు నడిచింది. ప్రభుత్వం మారింది, అధికారులు మారారు, వాయిదాలు మారలేదు. విసిగిపోయి ఒకసారి అడిగాను: "సార్, ప్రభుత్వమనేది ఉన్నవాళ్ళ కోసమే కాదూ? మీకింకా దాని మీద నమ్మకమేంటి?"

ఆయన నవ్వారు. చిన్నప్పటి సంగతొకటి చెప్పారు. ఆయన బాపట్లలో సర్కారు హాస్టల్లో ఉండి చదువుకున్నారు. అక్కడ పప్పు నీళ్ళలా ఉండేదట. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి భోజనం ఎలా ఉందని అడిగితే, పిల్లలందరూ బాగుందని అరిచారు. ఈయన ఒక్కడే లేచి బాగాలేదన్నాడు. ఆ అధికారి బాసింపట్టు వేసుకుని పక్కన కూచుని, ఈయన కంచంలోంచే కలుపుకుని తిన్నాడు. మర్నాటి నుంచి పప్పు చిక్కబడింది.

"ఎన్నాళ్ళు సార్?" అన్నాను.

"కొన్నాళ్ళే," అన్నారాయన. "తర్వాత మళ్ళీ నీళ్ళే. కానీ చిక్కటి పప్పు పెట్టడం దానికి చేతనవునని నాకు తెలిసిపోయింది కదా. చేతకాదంటే ఊరుకుందును. చేతనయ్యీ చెయ్యకపోతే ఎలా ఊరుకుంటాను?"

చివరికి స్థలాలొచ్చాయి. గుడిసెలవాళ్ళు తమంతట తామే గట్టు ఖాళీ చేసి మెరకకు తరలివెళ్ళారు. పోయిన నెల గోడ తొలగించమని తీర్పు కూడా వచ్చింది. ఆ పని మొన్న బుధవారం మొదలవుతుందంటే సారు చూడ్డానికి వెళ్ళారు. బస్సు దిగింది మొదలు గట్టు మీద కూచున్నారట. మా మామయ్య మజ్జిగ తెచ్చిచ్చాడట. మనుషులు రాలేదు, యంత్రం రాలేదు. బందోబస్తు దొరకలేదని కబురు మాత్రం వచ్చింది. పొద్దు వాలాక మరియమ్మ కొత్త ఇంట్లో నాలుగు మెతుకులు తిని, అక్కడే పడుకుని, తెల్లారి రైలెక్కారు.

"కోపమొచ్చిందా ఆయనకి?" అని అడిగాను మరియమ్మను.

"లేదమ్మా. అదే నాకు భయమేసింది," అందామె. "రైల్లో కూడా ఒకటే మాట. వెళ్ళగానే మళ్ళీ కోర్టులో వేద్దాం మరియమ్మా, అన్నాడు. భట్టిప్రోలు దాటాక మాట్లాడలేదు."

మర్నాడు తెనాలి లూథరన్ సమాధుల తోటలో ఆయనను మట్టికి అప్పగించాం. రేపల్లె వైపు నుంచి రైతులు, కూలీలు ఒకే లారీలో వచ్చారు. ఆనాడు గౌను అంచు లాగిన అధికారి, ఇప్పుడు రిటైరయ్యాడు, చివరివరుసలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "ఎవరితో పోట్లాడను ఇక?" అన్నారు.

సోమవారం కోర్టు తెరిచారు. గోడ తొలగింపు అమలు కాలేదని ఆ పొద్దున్నే నేను వేసిన పిటిషను పిలుపుకొచ్చింది. బంట్రోతు పాత కేసు కట్ట మీదున్న ఆశీర్వాదం గారి పేరు అలవాటు కొద్దీ చదివి, నాలుక కరుచుకుని తలదించుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. వాదుల తరఫున ఎవరో చెప్పాలి. సారు కాగితాలు నా ముందుకు జరుపుకున్నాను. జడ్జిగారు తొందరపెట్టలేదు. వెనక బల్ల మీద మరియమ్మ, మా మామయ్య పక్కపక్కన కూచుని నా వైపే చూస్తున్నారు. అంత పెద్ద హాల్లో నా పక్క కుర్చీ ఒక్కటే ఖాళీ. వాదుల తరఫున అని మొదలుపెట్టి, నా పేరు చెప్పాను.