బనియాస్ వంటగది తీర్మానం

మొన్న ఆదివారం పొద్దున షార్జా అల్ నహ్దాలో మా ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే బావ ఫోను చేశాడు. బావ అంటే మా అక్క భర్త. ముసఫ్ఫాలో ఇనుప పనుల కంపెనీలో ఫోర్‌మన్. దాంతోపాటు, మా జిల్లాలోనే చాలామందికి పేరు తెలియని ఒక చిన్న మానవవాద పార్టీకి గల్ఫ్ బాధ్యుడు. ఆయన దృష్టిలో ఈ రెండోదే అసలు ఉద్యోగం.

"ఏం జేస్తున్నవ్ బామ్మర్దీ? పార్టీ సావనీరు ఏస్తున్నం. మన బనియాస్ వంటగది మీద ఓ రెండు పేజీలు రాయి. నీకు రాసుడొస్తది గద," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కాకను గూడ పెట్టు. మంచిగ పెట్టు. ఈసారి మండలంల పోటీ జేస్తున్నం. వాళ్ల వాడల ఓట్లు బాగున్నయ్."

ఫోను పెట్టేశాక కూడా తడి చొక్కా చేతిలో అలాగే ఉండిపోయింది. నేను తొందరగా కోపం తెచ్చుకునే మనిషిని కాను, మా ఆవిడ నన్ను తడిసిన అగ్గిపెట్టె అంటుంది కూడా. కానీ ఇది కోపం కాదు, రోత. అందులో సగం బావ మీద, సగం నా మీద.

ముందు ఆ పార్టీ సంగతి చెప్పాలి. పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. రిటైరైన లెక్చరర్ ఒకాయన పెట్టారు, అందరం ఆయన్ని సార్ అనేవాళ్లం. దేవుడు లేడని గోడల మీద రాయొద్దు, మనిషి ఉన్నాడని రాయండి అనేవారు. పార్టీకి పన్నెండు విధానాలు. బడి రిజిస్టర్లో కులం గడి, మతం గడి ఉండకూడదు. ప్రభుత్వం ఏ పండగకూ ఖర్చు పెట్టకూడదు, ఏ పండగకూ అడ్డుపడకూడదు. సర్కారు ఆఫీసు గుమ్మానికి గుమ్మడికాయ కట్టించిన అధికారికి మెమో ఇవ్వాలి. పెళ్లి రిజిస్ట్రారు ముందే జరగాలి. చచ్చాక శరీరం వైద్య కళాశాలకు పోవాలి. ఇలాగే మిగతావి. ఇవాళ చదివినా వాటిలో ఒక్కటి కూడా తప్పనిపించదు నాకు, నా బాధంతా అదే. ఎన్నికల్లో మాకు ఒకసారి కుట్టుమిషను గుర్తు వచ్చింది, ఒకసారి గాలిబుడగ. రెండుసార్లూ నోటా మమ్మల్ని దాటేసింది. బావ మాత్రం ఓడిపోయిన ప్రతిసారీ ఖీమా తెప్పించి, "ఆలోచన ఓడిపోదురా," అనేవాడు.

ఈ దేశంలో పార్టీ, శాఖ, సభ లాంటివి కుదరవు. జెండా కాదు కదా, కరపత్రం కూడా బయట పెట్టకూడదు. ఇక్కణ్నుంచి ఓటూ లేదు. గుమ్మడికాయ కట్టే గుమ్మమూ లేదు. పన్నెండు విధానాల్లో పదకొండు విమానం ఎక్కకుండానే ఆగిపోయాయి. మేము ఆచరించగలిగింది ఒక్కటే మిగిలింది: కలిసి వండుకుని కలిసి తినడం. ఎవరి వంతు వస్తే వాళ్లు వండాలి, అందరూ తినాలి. బయటివాళ్లకు మేము బనియాస్‌లో ఒక విల్లా వెనక రెండు గదుల్లో ఉండే ఆరుగురు బ్యాచిలర్లం, అంతే. బ్యాచిలర్లంటే నాలాగే పెళ్లాం పిల్లల్ని ఊళ్లో పెట్టి వచ్చినవాళ్లు. లోపల మాత్రం అది పార్టీ వంటగది. ఫ్రిజ్ మీద వంతుల కాగితం అంటించి ఉండేది. దానికి మేము పెట్టుకున్న పేరు ప్రణాళిక.

మా పార్టీలో ఎవరూ ఎవరి కులమూ అడగకూడదు. అడగకూడదు కాబట్టే అందరికీ అందరి కులమూ తెలుసు. ఆరుగురిలో కాక ఒక్కడే దళితుడు. నాకు చుట్టం కాదు, మా పక్క మండలం మనిషి, వయసులో పెద్ద కాబట్టి కాకా అనేవాణ్ణి. ఆసుపత్రి క్లీనింగ్ కంపెనీలో పని. పొట్టి మనిషి, నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. ఎప్పుడో సార్ కాక ఇంటికి వెళ్లి, నేల మీద కూచుని, రెండోసారి అడిగి మరీ కూర వేయించుకుని తిన్నారట. కాక పార్టీలో చేరడానికి అదే కారణం. ఆ కథ మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఏసీ డబ్బా నుంచి కారే నీళ్ల కింద నాలుగు పెయింట్ బకెట్లు పెట్టి పుంటికూర పెంచేవాడు. ఆంధ్రావాళ్లు గోంగూర అంటారు, మాకు అది పుంటికూర. తన వంతు వచ్చిన రోజు అది వేసి మటన్ వండేవాడు. నేను జన్మలో తిన్న మటన్‌లో దానికి సాటి లేదు. గిన్నె అడుగు కూడా అన్నంతో తుడిచి తినేవాణ్ణి. ఆయన పక్కన నిలబడి చూసేవాడు. "నువ్వు తింటుంటే నా కడుపు నిండుతది బిడ్డా," అనేవాడు.

కాక వంతు గురువారం. గురువారాలు మాలో ఒకడైన అమలాపురం ఆయనకు ఉపవాసం ఉండేది. ఎలక్ట్రీషియన్, మాటకు ముందు అండీ, వెనక అండీ. మానవవాదికి ఉపవాసమేమిటని అడిగితే, "గ్యాస్ట్రిక్ అండీ, డాక్టరు గారు చెప్పారు," అనేవాడు. బావను గురువారాలు సరిగ్గా భోజనం వేళకు ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, పిలిచేవాడు. మిగతా ఇద్దరు అన్నం పెట్టుకుని ఊరగాయతో సరిపెట్టుకునేవాళ్లు. ఇదంతా నాకు అప్పుడు కనపడలేదు. కూర నా వాటాకు ఎక్కువ వచ్చేది, నాకు అదే కనపడింది.

తర్వాత కరోనా వచ్చింది. సైట్లు మూసేశారు. మేము ఐదుగురం గదుల్లో పడి ఉన్నాం. ఆసుపత్రి పని కాబట్టి కాక ఒక్కడే రోజూ బస్సెక్కి పోయేవాడు. రెండో వారంలో బావ సమావేశం పెట్టాడు. మా సమావేశాలు మంచాల మీద జరిగేవి. ఎజెండా ఒకటే: ఆసుపత్రికి వెళ్లివచ్చే సభ్యుడు కొంతకాలం గిన్నెలు, గరిటెలు ముట్టకుండా ఉండటం. అందరికన్నా ముందు చెయ్యెత్తింది కాక. "సైన్సు అంటే సైన్సే. నేను దవాఖానల తిరుగుతున్న. ఇప్పుడు నా చేతి అన్నం మీరు తినద్దు," అన్నాడు. తాత్కాలిక తీర్మానం, ఏకగ్రీవం. నేను నోట్‌బుక్‌లో రాశాను. ఆ మాటకు ఆ రోజు నిజంగా గర్వపడ్డాను, మనలాంటి పార్టీ మనిషే ఇలా అనగలడని.

కాకకు కంపెనీ వాళ్లు మాటిమాటికీ టెస్టు చేయించేవారు. వచ్చిన ప్రతిసారీ ఫోను పట్టుకుని ఒక్కొక్కరికీ చూపించేవాడు, నెగెటివ్. "పద్నాలుగు దినాలు ఆగుదం కాకా," అనేవాడు బావ. ఆ పద్నాలుగు అయ్యాక ఇంకో పద్నాలుగు. ఇంతలో సైట్లు తెరిచారు, అందరం పనుల్లోకి వెళ్లాం, అమలాపురం ఆయనకు పాజిటివ్ వచ్చింది. క్వారంటైన్‌లో ఉండి వచ్చాడు. వచ్చిన రోజే స్నానం చేసి, చేపల పులుసు పెట్టాడు. ఒక్కరు కూడా ఏమీ అనలేదు. లొట్టలేసుకుంటూ తిన్నాం. తలుపు దగ్గర తన కంచంలో తాను తింటున్న కాక ఆ పులుసు గిన్నెను చాలాసేపు చూశాడు.

మర్నాడు ఫ్రిజ్ మీద కాగితం చూపించి, "నా పేరు ఇంక ఎక్కలే," అన్నాడు కాక. బావకు తడుముకోవాల్సిన పని పడలేదు. "తీర్మానం రద్దు గావాలంటే ఫుల్ మీటింగ్ పెట్టాలె కాకా. అందరు ఒక్కసారి దొర్కుతలేరు గద," అన్నాడు. ఆరుగురం పడుకునేది ఆ రెండు గదుల్లోనే. నేను పక్కనే ఉండి షూ లేసు కట్టుకుంటున్నాను. ఒక్క లేసు కట్టుకోవడానికి నాకు అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

ఆ చలికాలంలో పార్టీ ఆవిర్భావ దినం వచ్చింది. ప్రతి శాఖ సహపంక్తి భోజనం ఫోటో పంపాలని ఊళ్లోంచి కబురు. "శుక్రవారం నువ్వే వడ్డించాలె కాకా," అన్నాడు బావ. వడ్డించడమంటే బావ ఉద్దేశం ఫోటోలో గరిటె పట్టుకుని నిలబడటం. కాకకు అర్థమైంది వేరు. తీర్మానం పోయిందనుకున్నాడు. శుక్రవారం మేము లేచేసరికి బకెట్లలో పుంటికూర మోళ్లు మిగిలాయి, పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. కింద ప్లాస్టిక్ షీటు పరిచి ఆరు కంచాలు పెట్టాడు.

బావ కూర గిన్నెను చూసి అమలాపురం ఆయన వంక చూశాడు. నలుగురూ కూర్చున్నారు. కాక వడ్డించాడు. ఫోటో తీసే పని నేను అడిగి మరీ తీసుకున్నాను. ఎందుకు అడిగానో నాకు తెలుసు, ఫోను పట్టుకున్నవాడు ముద్ద కలపనక్కర్లేదు. నాలుగు ఫోటోలు తీశాను. నాలుగింట్లోనూ కాక కళ్లు మూసుకుపోయి ఉన్నాయి.

"ఖలాస్," అన్నాడు బావ, ఫోటోలు చూసుకుని. ఎవరూ ముద్ద ఎత్తలేదు. ఒకడికి బీపీ గుర్తొచ్చింది. ఒకడికి ఊరి నుంచి ఫోను వచ్చింది. బెల్ మోగితే అమలాపురం ఆయన వెళ్లి బిర్యానీ పొట్లాలు తీసుకొచ్చాడు. "ముందే ఆర్డరు పెట్టేశానండీ, క్యాన్సిల్ అవ్వలేదండీ," అన్నాడు. పొట్లాలు ఐదే ఉన్నాయి. అందరూ లోపలి గదిలోకి వెళ్లారు. "రారా, సల్లగయితది," అని బావ నన్ను పిలిచాడు.

కాక నా వంక చూశాడు. నాకు వైరస్ భయం లేదు. కులం పట్టింపు ఉందని అప్పటివరకూ అనుకోలేదు. ఆకలి ఉంది. ఆ కూర వాసనకు నోట్లో నీళ్లు ఊరుతున్నాయి. అయినా వెళ్లి లోపల కూర్చుని బిర్యానీ తిన్నాను. బావకు ఎదురు చెప్పలేక అని ఏళ్లపాటు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ గదిలో ఉన్న నలుగురితో పాటు ఐదోవాణ్ణి కావడం నాకు సుఖంగా ఉంది, అంతే. చేతులు కడుక్కోవడానికి వచ్చినప్పుడు చూశాను. కాక నా కోసం వడ్డించిన కంచం ముందుకు లాక్కుని, తల వంచుకుని, నెమ్మదిగా తింటున్నాడు.

వారంలోపే ఆయన కంపెనీ క్యాంపుకు మారిపోయాడు. ఫోటో పార్టీ పత్రికలో అచ్చయింది, కింద "మా వంటగదిలో కులం లేదు" అని రాశారు. సార్ స్వయంగా ఫోను చేసి బావను మెచ్చుకున్నారు. నేను కొన్నాళ్లకు మావాళ్లను తెచ్చుకుని షార్జాకు వచ్చేశాను. పార్టీకి రాజీనామా కూడా చేయలేదు. గ్రూపులో వచ్చే శుభాకాంక్షలకు బొటనవేలు పెడుతూ ఇన్నాళ్లూ గడిపేశాను.

ఆదివారం బట్టలు ఆరేయడం అయ్యాక కాకకు ఫోను చేశాను. ఊళ్లోనే ఉంటున్నాడు. గొంతు వెంటనే గుర్తుపట్టాడు, పిల్లలేం చదువుతున్నారని అడిగాడు. బావ రాయమన్న సంగతి చెప్పాను, ఓట్ల మాట కూడా దాచలేదు. నవ్వాడు. "రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి. నన్ను ఉత్తగ పొగడకు," అన్నాడు. ఆ రోజు నేను తినాల్సింది కాకా, అన్నాను.

"మీ బావ తినడని నాకు ఎరుకే," అన్నాడు. "కడమోళ్లు తినరని గూడ ఎరుకే. వాళ్ల కోసం నేను వండలే బిడ్డా. నువ్వు తింటవని వండిన."

తర్వాత ఎండల గురించి ఏదో అడిగి పెట్టేశాడు. ఆ రోజు ఆ కంచం ముందు కూర్చుని తినడానికి నాకు పది నిమిషాలు పట్టేది. ఐదేళ్లు గడిచిపోయాయి, ఆ పది నిమిషాలు ఇంక ఎక్కడా దొరకవు.