తిరిగి చదివి వినిపించే మనిషి

మొన్న మందుల షాపులో అమ్మాయి నా చీటీ చూసి, "బీపీ గోలీ, దో పత్తా. పక్కా?" అని హిందీలో పైకి చదివింది, రెండు అట్టలేనా అని. ఆ "పక్కా" చెవిన పడగానే మా పాత యజమాని అన్నట్టే వినిపించింది. సూర్యం బాబు గొంతు విని ఏడాది దాటింది మరి.

బిర్సానగర్‌లో ఒక మేడ మీద గదిలో ఆయన ఆఫీసు. రాబోయే నెల రాగికీ జింకుకీ ఇవాళే ధర కుదుర్చుకునేవాళ్లకు ఆయన మధ్యవర్తి. ఫ్యూచర్స్ బ్రోకరు అనేవారు. మా ఆయన పోయాక పదకొండేళ్లు నేనక్కడ ఊడ్చి, టీ కాచాను. ఫోనులో ఎవరేం చెప్పినా ఆయన మాటకు మాట తిరిగి వినిపించి, అవతలి మనిషి "పక్కా" అన్నాకే కంప్యూటరు మీట నొక్కేవారు. నాకు బడి లేదు. అంకెలన్నీ ఆయన నోటి నుంచే నేర్చుకున్నాను.

మా అమ్మాయి సుజాత డిగ్రీ అయ్యాక ఒకరోజు వచ్చి అడిగింది. "బాబాయ్, ఈ పనికి ఏటి చదవాలి? కమాయీ ఎంత?"

"డిగ్రీ ఉంది కదా, ఇంక పరీక్ష పాసవ్వాల. జీతమంటావా, కూరలకి సరిపోద్ది. మిగతాదంతా కమీషనే. జనం కొన్నా వత్తాది, అమ్మినా వత్తాది. ఊరుకుంటే నీకూ పస్తే."

"మరి మీకు కారేది?"

"జనాన్ని ఎగదోసి రోజుకి పది బేరాలు చేయిత్తే కారొచ్చీది. ఆళ్ల కొంపలు పోయీవి," అని నవ్వారు.

ఆయన తోడల్లుడికి ఆదిత్యపూర్‌లో రాగి తీగ కార్ఖానా. ప్రతి నెలా గడువు ముగిసేనాటికి తన కొనుగోలును పై నెలకు మార్చమని చెప్పేవాడు. ఒక నెల బాబు భార్యకి, అదే అమ్మగారికి, ఆపరేషను. ఆసుపత్రికి పరుగెత్తే హడావుడిలో సూర్యం బాబు అడగకుండానే మార్చేశారు. ఇంటి మనిషే, ఎప్పుడూ అనేది అదే మాట కదా అనుకున్నారు. అతనేమో ఆ నెలతో చాలించుకోవాలనుకున్నాడట. వారంలో రాగి ధర పడిపోయి అతనికి నష్టమొచ్చింది.

అతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "అన్నియ్యా, నన్నొక్క మాట అడిగినావా?"

బాబు నోరు తెరిచేలోగా గుమాస్తా రమేష్ అందుకున్నాడు. "ఫోన్ చేశాం, మీరే ఎత్తలేదు. అప్పలమ్మ కూడా విన్నాది."

"ఇన్నాను బాబూ, రెండుసార్లు చేసినారు," అనేశాను. పదకొండేళ్లు తిన్న అన్నం అనిపించిన మాట అది.

"అప్పలమ్మా, ఇననిది ఇన్నానని సెప్పకు. నేనడగలేదు," అన్నారు బాబు. ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, పైవాళ్లకు పంపారు. నష్టం తానే కట్టారు. లైసెన్సు పోయింది, ఆఫీసు పోయింది. అమ్మగారూ ఆ ఏడే పోయారు.

తర్వాత రోజూ సాయంత్రం ఆయనకు జావ పట్టుకెళ్లేదాన్ని. చివరిసారి, "రేపు జావొద్దే, అల్లం టీ తే," అన్నారు. "జావొద్దు, అల్లం టీ. పక్కాయేనా బాబూ?" అన్నాను. ఎన్నాళ్లకో నవ్వు ముఖం పెట్టి, "పక్కా," అన్నారు.

మర్నాడు టీ ఫ్లాస్కుతో వెళ్లేసరికి గుమ్మం ముందు చెప్పులు నిండిపోయి ఉన్నాయి.

ఇప్పుడు గోవింద్‌పూర్‌లో నాలుగిళ్లకు వంట చేస్తున్నాను. ఏం వండమన్నా తిరిగి చెప్పి, వాళ్లు ఔనన్నాకే పొయ్యి వెలిగిస్తాను. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. అడగడానికి మనిషి ఎదురుగా ఉన్నప్పుడే కదా అడగగలం.