గొళ్ళెం పెట్టని తలుపు

తొంభైల చివర, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలు వీధికొకటి లేస్తున్న రోజులు. ఒకదాంట్లో మా చెల్లెలు పప్పు పొట్టు తీసేది. సాయంత్రం ఆడవాళ్ళంతా గేటు దగ్గర కొంగులు దులిపి చూపించాకే ఇంటికి. అది అవమానమని అనుకోవడం కూడా మానేశారు.

ఒకరోజు మధ్యాహ్నం, విరగని గుండు పప్పు డబ్బా ఒకటి కనబడలేదు. మా చెల్లెలి వరసలోది. మేస్త్రీ ఆమెను తూకం గదిలో కూర్చోబెట్టి, "షావుకారొచ్చేదాకా ఇక్కడుండమ్మీ" అని తలుపు దగ్గరగా వేసి పోయాడు. అందరూ చూశారు. దీపాలు పెట్టేవేళ దాకా మంచినీళ్ళు లేకుండా కూర్చుంది. డబ్బా పొరపాటున లారీ ఎక్కేసిందని తేలాక, "ఇంక ఎల్లు" అన్నారు. అంతే.

మర్నాడు నేను వెళ్ళి అడిగితే షావుకారు నవ్వాడు.

"ఏటి బావా, లాయర్లాగొచ్చినావు? గొళ్ళెమెట్టినామా? తాడేసి కట్టినామా? ఇష్టమయ్యే కూకుంది."

చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్తే, టెక్కలి ప్లీడరు కూడా ముందు గొళ్ళెం సంగతే అడిగాడు. "అనుమానమొచ్చి ఆగమన్నాం, ఆమె ఒప్పుకుంది అంటారు. లేచి రాలేదేమమ్మా?"

"లేసొచ్చేత్తే దొంగనైపోనా బాబూ?"

"కోర్టులో ఇదే మాట అందాం. చూసినవాళ్ళని ఇద్దరిని తీసుకురండి."

ఇల్లిల్లూ తిరిగాను. "సూసినాం గానీ, మా పని పోద్ది అన్నియ్యా" అన్నారు. వాళ్ళనేమనను? కేసు అక్కడే ఆగింది.

నా చదువు అయిదో తరగతి. అయినా పాత లా పుస్తకమొకటి కొని కూడబలుక్కుని చదివాను. ఇష్టపడి ఒప్పుకుంటే అవతలివాడిది తప్పు కాదట. కాదంటే పరువు పోతుందనుకున్నప్పుడు ఒప్పుకున్నదీ ఇష్టమేనా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

కొన్నాళ్ళకి మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. "అయిందేదో అయింది. షావుకారు పనిలోకి రమ్మన్నాడు సెల్లీ."

"గేటు కాడ, అందరున్నప్పుడు, ఇది దొంగ కాదని ఒక్క మాటనమను. రేపే వత్తాను" అంది చెల్లెలు.

"షావుకారు సేత ఆ మాట నానెలా అనిపిత్తాను?" అంటూ చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ మాట ఎవరూ అనలేదు. ఆమె మళ్ళీ పనికి పోలేదు. కాశీబుగ్గ బజారుకి ఆ గేటు ముందు నుంచే దగ్గర దారి. ఇన్నేళ్ళయినా, మోకాళ్ళు నొప్పులంటూనే చుట్టు తిరిగి పోతుంది. ఆ వీధికి మాత్రం ఎవడు పెట్టాడు గొళ్ళెం?